పసిచేతుల్లో ఫోను: పెద్దల బాధ్యత

ఈ పత్రికలో మనం సాధారణంగా ఉపకార వేతనాల గురించి, రిజర్వేషన్ల గురించి, వక్ఫ్ భూముల గురించి, ఉర్దూ మాధ్యమ పాఠశాలల్లో భర్తీ కాని ఉపాధ్యాయ పోస్టుల గురించి రాసుకుంటాం. అవన్నీ ప్రభుత్వాన్ని నిలదీసి అడగవలసిన విషయాలు. ఈ నెల మాత్రం ముందుగా మనల్ని మనం అడగవలసిన విషయం ఒకటి ఎంచుకున్నాం. అది మన ఇళ్లలో అయిదేళ్లలోపు పసివాళ్ల చేతికి చేరిన స్మార్ట్‌ఫోను. పిల్లల హక్కుల గురించి సభల్లో మాట్లాడే మనం, ఆ హక్కులకు తొలి కాపలాదారు ఇల్లేనన్న సంగతి మరచిపోరాదు.

ఏ బస్తీకి వెళ్లినా, ఏ దావత్‌కు వెళ్లినా ఇప్పుడు ఒకే దృశ్యం కనిపిస్తుంది. దస్తర్‌ఖాన్ పరిచి ఉంటుంది. పెద్దలు మాట్లాడుకుంటూ భోంచేస్తుంటారు. మధ్యలో రెండేళ్ల బిడ్డ గోడకు ఆనించిన ఫోను వైపు రెప్పవేయక చూస్తుంటాడు. తల్లి ముద్ద పెడితే నోరు తెరుస్తాడు, ఏం తింటున్నాడో చూడడు. ఫోను తీసేస్తే ముద్ద మింగడు, కేకలు పెడతాడు. “ఏం చేయమంటారు, అది లేకపోతే తినడు” అని తల్లి నొచ్చుకుంటూ చెబుతుంది. అదే సమయంలో పక్కనున్న పెద్దావిడ, “వీడికి ఇంకా చదువు రాదు గానీ ఫోనులో అన్నీ వచ్చు” అని మురిసిపోతుంది. ఈ నొచ్చుకోవడమూ, ఈ మురిసిపోవడమూ రెండూ మన ఇళ్లలో పక్కపక్కనే ఉన్నాయి.

ముందుగా ఒక మాట స్పష్టం చేయాలి. ఈ సంపాదకీయం తల్లులను దోషులుగా నిలబెట్టడానికి రాసింది కాదు. నిజామాబాద్, జగిత్యాల ప్రాంతాల్లో ఒడిలో చాట పెట్టుకొని బీడీలు చుట్టే తల్లికి, పాతబస్తీలో మగ్గం మీద జరీ పని చేసే తల్లికి, పనీ బిడ్డా రెండూ ఒకే గదిలో ఉంటాయి. ఆకు కత్తిరించే కత్తెర, అంటుకునే పొయ్యి బిడ్డకు అందేంత దూరంలో ఉన్నప్పుడు, వాడిని ఒకచోట కూర్చోబెట్టే వస్తువు ఏదైనా ఆమెకు వరంగానే కనిపిస్తుంది. కడప, రాయచోటి ప్రాంతాల నుంచి కువైట్ వెళ్లి పరాయి ఇళ్లలో పనిచేసే తల్లుల పిల్లలను ఇక్కడ నానీలు, దాదీలు పెంచుతున్నారు. అరవై ఏళ్ల మోకాళ్లతో మూడేళ్ల మనవడి వెంట పరుగెత్తడం ఎంత కష్టమో ఆ వయసువారికే తెలుసు. తండ్రి గల్ఫ్‌లో ఉన్న ఇంట్లో అయితే ఫోను అంటే నాన్న ముఖం. ఆ ఇంటికి ఫోను వద్దని చెప్పడానికి మనకు నోరు రాదు, చెప్పనక్కరా లేదు.

దీనికి తోడు 2020లో కోవిడ్ వచ్చింది. బడులు మూతపడ్డాయి. ఆ సెప్టెంబరు 1 నుంచి తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ద్వారా పాఠాలు మొదలయ్యాయి. ప్రైవేటు బడులు ఫోనులోనే తరగతులు నడిపాయి. అప్పు చేసి ఫోను కొన్న తల్లిదండ్రులు మన బస్తీల్లో ఎందరో. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి విద్యార్థులకు ట్యాబ్‌లు ఇచ్చింది. అన్న కోసం, అక్క కోసం ఇంట్లోకి వచ్చిన ఆ తెర చివరికి తమ్ముడి చేతికి, చెల్లెలి చేతికి చేరింది. చదువు పేరుతో పరికరాన్ని ఇంటికి పంపిన వ్యవస్థ, దాన్ని ఎలా వాడాలో తల్లిదండ్రులకు నేర్పించలేదు. కాబట్టి ఆ పని మనమే ఒకరికొకరం చేసుకోవాలి.

అసలు పసివాళ్లకు ఎంత తెర ఎక్కువ? ఈ ప్రశ్నకు వైద్యలోకం స్పష్టమైన జవాబే ఇచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 ఏప్రిల్‌లో అయిదేళ్లలోపు పిల్లల కోసం మార్గదర్శకాలు ప్రకటించింది. ఏడాది నిండని శిశువుకు తెర అసలే వద్దు. ఏడాది నిండి రెండో ఏడు నడుస్తున్న బిడ్డకు కూడా వద్దు. రెండు నుంచి నాలుగేళ్ల వయసులో రోజుకు గంట మించరాదు, అంతకన్నా తగ్గితే ఇంకా మేలు. భారత శిశువైద్యుల సంఘం కూడా తన మార్గదర్శకాల్లో దాదాపు ఇదే చెప్పింది. రెండేళ్లలోపు పిల్లలకు బంధువులతో అప్పుడప్పుడు చేసే వీడియో కాల్ తప్ప మరే తెరా వద్దు. రెండు నుంచి అయిదేళ్ల వరకు గంట లోపు, అదీ పెద్దవారు పక్కన ఉండగా. అయిదు నుంచి పదేళ్ల వరకు రెండు గంటల లోపు. గల్ఫ్‌లో ఉన్న తండ్రితో, కువైట్‌లో ఉన్న తల్లితో మాట్లాడే కాల్‌కు వైద్యులు ఇచ్చిన ఈ మినహాయింపును గమనించాలి. అక్కడ బిడ్డ నవ్వితే అవతలి మనిషి నవ్వుతాడు, పిలిస్తే పలుకుతాడు. కార్టూన్ బొమ్మ అలా పలకదు.

ఈ తేడా చిన్నది కాదు. మొత్తం విషయానికి ఇదే మూలం. అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ప్యాట్రీషియా కూల్ అనే శాస్త్రవేత్త, ఆమె సహచరులు చేసిన ఒక పరిశోధన 2003లో వెలువడింది. తొమ్మిది నెలల అమెరికన్ శిశువులకు చైనా భాష మాట్లాడేవారు ఎదురుగా కూర్చొని కథలు చెబుతూ, బొమ్మలతో ఆడించారు. పన్నెండు విడతలు పూర్తయ్యేసరికి ఆ పిల్లలు తమ ఇంట్లో వినపడని ఆ భాష ధ్వనులను గుర్తించగలిగారు. మరో జట్టు శిశువులకు అదే మనుషులను, అవే మాటలను తెర మీద చూపించారు. వారు ఏమీ నేర్చుకోలేదు. శబ్దం ఒకటే, ముఖం ఒకటే. లేనిదల్లా బిడ్డ చూపుకు బదులు చూపు, బిడ్డ కూతకు బదులు మాట.

మన సమాజానికి ఈ సంగతి కొత్తది కాకూడదు. అరబీ అక్షరాల ఉచ్చారణ స్థానాలను, మఖారిజ్‌ను, ఉస్తాద్ ఎదుట కూర్చోబెట్టే నేర్పుతారు గదా! బిడ్డ నాలుక ఎక్కడ తగులుతున్నదో చూసి, తప్పితే ఆపి, మళ్లీ పలికించి నేర్పుతారు. తెర అలా ఆపదు, దిద్దదు. అందువల్ల “మా పాప చూసేది కార్టూన్లు కాదు, దువాల వీడియోలు” అని, “మా బాబు ఇంగ్లీషు రైమ్స్ మాత్రమే చూస్తాడు” అని తృప్తి పడే తల్లిదండ్రులు ఒకసారి ఆలోచించాలి. మూడు నాలుగేళ్ల బిడ్డ ఆ గంట సమయంలో మంచివే చూడటం తప్పకుండా మేలు. కానీ ఏడాదిన్నర బిడ్డ విషయంలో వీడియో ఎంత మంచిదైనా అది అమ్మ మాటకు సాటి రాదు. పైగా అది నడిచినంతసేపూ అమ్మ మాట ఆగిపోతుంది. అసలు నష్టం అక్కడే. తెర నుంచి ఏదో విషం బిడ్డలోకి ప్రవేశిస్తుందని కాదు, బిడ్డకు దక్కవలసినది దక్కకుండా పోతున్నదని మన ఆందోళన.

దక్కవలసిన వాటిలో నిద్ర ఒకటి. మూడు నాలుగేళ్ల బిడ్డకు రోజుకు 10 నుంచి 13 గంటల నిద్ర కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. రాత్రి పదకొండు దాకా పక్కలో ఫోను వెలుగుతుంటే, తెల్లవారి మక్తబ్‌కో అంగన్‌వాడీకో లేవవలసిన బిడ్డకు ఆ నిద్ర ఎక్కడిది? ఆట మరొకటి. ఏడాది నుంచి నాలుగేళ్ల వరకు పిల్లలు రోజుకు మూడు గంటలైనా కదులుతూ, పాకుతూ, పరుగెడుతూ ఉండాలి. బయటి వెలుతురు ఇంకొకటి. చిన్న వయసులోనే దూరపు చూపు మందగించడం పెరుగుతున్నదని కంటి వైద్యులు హెచ్చరిస్తున్నారు. పగటి వెలుతురులో గడిపే సమయం ఆ ముప్పును తగ్గిస్తుంది. ఈ సమస్యతో తల్లడిల్లిన తైవాన్ 2010 నుంచి బడిపిల్లలను రోజుకు రెండు గంటలు ఆరుబయట ఉంచే కార్యక్రమం చేపట్టింది. ఇందుకు మందులూ కళ్లద్దాలూ అక్కరలేదు. గడప దాటితే చాలు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. రెండేళ్లు నిండినా రెండు మాటలు కలిపి పలకని బిడ్డను, పేరు పెట్టి పిలిచినా తిరిగి చూడని బిడ్డను చూసి, “ఫోను వల్లే ఇలా అయింది, మానిపిస్తే అదే వస్తుంది” అని ఊరుకోరాదు. “వాళ్ల నాన్న కూడా ఆలస్యంగానే మాట్లాడాడు” అని వాయిదా వేయరాదు. ఫోను మానిపించడమూ, డాక్టరుకు చూపించడమూ రెండూ ఒకేసారి జరగాలి. వినికిడి లోపం కావచ్చు, మరొక ఎదుగుదల సమస్య కావచ్చు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా స్థాయిలో సత్వర చికిత్సా కేంద్రాలు ఏర్పాటయ్యాయి. అక్కడ పరీక్షలు ఉచితం. ఆశా కార్యకర్తను అడిగితే దారి చెబుతుంది. ఈ సదుపాయం గురించి మన బస్తీల్లో తెలిసినవారు చాలా తక్కువ. తొందరగా తీసుకెళ్లిన బిడ్డకు మేలు ఎక్కువ.

ఇక ఫోనును పిల్లలు వదలకపోవడంలో తప్పు ఎవరిది? వీడియో అయిపోగానే మరొకటి దానంతట అదే మొదలయ్యేలా దాన్ని తయారుచేసినవారిది మొదటి బాధ్యత. చూసినంతసేపూ ప్రకటనల ఆదాయం వస్తుంది గనుక, బిడ్డ ఎంతసేపు చూస్తే వారికి అంత లాభం. 2019 సెప్టెంబరులో అమెరికా ప్రభుత్వ సంస్థ ఒకటి, తల్లిదండ్రుల అనుమతి లేకుండా పిల్లల సమాచారం సేకరించారన్న ఆరోపణపై గూగుల్, యూట్యూబ్‌లతో 17 కోట్ల డాలర్లు కట్టించింది. మన దేశంలో 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారందరినీ పిల్లలుగానే పరిగణిస్తున్నది. తల్లిదండ్రుల నిర్ధారిత అనుమతి లేకుండా వారి సమాచారం వాడరాదని, వారి నడవడికను వెంటాడి గమనించరాదని, వారికి గురిపెట్టి ప్రకటనలు చూపరాదని అందులో ఉంది. ఆస్ట్రేలియా 2025 డిసెంబరు 10 నుంచి 16 ఏళ్లలోపు వారికి సామాజిక మాధ్యమాల ఖాతాలు లేకుండా చట్టం అమలు చేస్తున్నది. ప్రపంచం మేల్కొంటున్నది. కానీ చట్టం మన గుమ్మం దాకానే వస్తుంది. గుమ్మం లోపలి పని మనదే.

ఆ పని ఎక్కడ మొదలుపెట్టాలి? బిడ్డ దగ్గర కాదు, పెద్దల దగ్గర. తండ్రి దుకాణం నుంచి వచ్చి మంచం మీద వాలి రీల్స్ చూస్తూ, “ఫోను పక్కన పెట్టు” అని బిడ్డను గదమాయిస్తే ఆ మాటకు బరువు ఉండదు. కనుక మొదటి నియమం ఇంటిల్లిపాదికీ ఒకటే కావాలి. దస్తర్‌ఖాన్ దగ్గర ఎవరి చేతిలోనూ ఫోను ఉండరాదు. మగ్రిబ్ నుంచి ఇషా వరకు ఫోన్లన్నీ ఒకచోట, ఎత్తైన అలమర మీద ఉండాలి. అవసరమైన కాల్ వస్తే లేచి వెళ్లి మాట్లాడవచ్చు. రాత్రి పడకగదిలో ఛార్జింగ్ పెట్టరాదు. ఈ మూడూ ఖర్చు లేనివి, ఏ ఇంట్లోనైనా సాధ్యమైనవి.

రెండోది, ఇంట్లో పెద్దలందరి మాట ఒకటి కావాలి. అమ్మీ కాదన్నది దాదీ దగ్గర దొరికితే, బిడ్డ రెండు రోజుల్లో ఆ దారి కనిపెడతాడు. కోడలు చెబితే అత్త నొచ్చుకోవచ్చు. అందుకే ఈ మాట కొడుకు తన తల్లికి కూర్చోబెట్టి, గౌరవంగా, కారణం వివరించి చెప్పాలి. దాదీ దగ్గర ఫోనుకు బదులు ఉండదగినది ఉండనే ఉంది. అవి ఆమె చెప్పే కథలు, బియ్యంలో రాళ్లు ఏరే పళ్లెం, తస్బీహ్ పూసలు లెక్కపెట్టే ఆట. బిడ్డ భాషకు అంతకు మించిన బడి లేదు.

మూడోది, అన్నం వేళ. ఫోను చూస్తూ తినే బిడ్డకు ఆకలి ఎప్పుడు తీరిందో తెలియదు. దీన్ని మానిపించేటప్పుడు మొదటి మూడు నాలుగు రోజులు కష్టంగానే ఉంటుంది. బిడ్డ ఏడుస్తాడు, ఒక పూట సగమే తింటాడు. ఆరోగ్యంగా ఉన్న బిడ్డ ఆకలి వేస్తే తప్పక అడుగుతాడు. పెద్దలతోపాటు కూర్చోబెట్టి, వాడి పళ్లెం వాడికి ఇచ్చి, చేత్తో కలుపుకోనివ్వాలి. నేల మీద పడుతుంది, తుడుచుకోవచ్చు. అయితే ఏడుపు పెరిగిన అయిదో నిమిషంలో జాలిపడి ఫోను ఇస్తే, అయిదు నిమిషాలు ఏడిస్తే ఫోను వస్తుందన్న పాఠం మనమే నేర్పినట్టవుతుంది. మొదలుపెడితే నిలబడాలి. బరువు పెరగని బిడ్డ, జబ్బుగా ఉన్న బిడ్డ అయితే ముందు డాక్టరును అడగాలి.

నాలుగోది, రెండేళ్లు దాటిన బిడ్డకు ఇచ్చే ఆ గంటను మనం ఏర్పాటు చేసి ఇవ్వాలి. ఫోను చేతికిచ్చి వెళ్లిపోవడం వేరు, ఎంచి పెట్టడం వేరు. యూట్యూబ్‌లో ఆటోప్లే ఆపివేయాలి. దానికి బదులు యూట్యూబ్ కిడ్స్ పెట్టి, అందులో మీరు ఒప్పుకున్న వీడియోలు మాత్రమే కనిపించేలా చేయవచ్చు, టైమర్ పెట్టవచ్చు. చదువు రాని బిడ్డ కూడా మైకు గుర్తు నొక్కి నోటితో వెతుకుతాడు గనుక, వెతికే సదుపాయాన్నీ మూసివేయాలి. ఆండ్రాయిడ్ ఫోన్లలో యాప్ పిన్ చేసే వీలుంది. అలా చేస్తే బిడ్డ ఆ ఒక్క యాప్ దాటి బయటికి పోలేడు. ప్లే స్టోర్‌లో తల్లిదండ్రుల నియంత్రణకు రహస్య అంకె పెట్టుకోవాలి. డబ్బు చెల్లించే యాప్‌ల పిన్ బిడ్డ ఎదుట నొక్కరాదు. ఇవి రానివారు సిగ్గుపడనక్కరలేదు. డిగ్రీ చదివే మేనకోడలో, పక్కింటి అబ్బాయో పది నిమిషాల్లో చేసిపెడతారు. సమయం ముగిసే ముందు “ఇంకొక్కటి, ఆ తర్వాత ఆపేద్దాం” అని ముందే చెప్పాలి. ఉన్నట్టుండి లాక్కుంటే పెద్దవాళ్లకే కోపం వస్తుంది, పసివాడికి రాదా?

“బడి వాళ్లే హోంవర్కు వాట్సాప్‌లో పంపుతున్నారు గదా” అని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. హోంవర్కును తల్లి చూసి చిన్న పుస్తకంలో రాసి ఇస్తే బిడ్డకు ఫోను అక్కరలేదు. 2020లో ఆన్‌లైన్ చదువుల కోసం కేంద్ర ప్రభుత్వం విడుదల చేసిన ‘ప్రజ్ఞాత’ మార్గదర్శకాలే ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు రోజుకు 30 నుంచి 45 నిమిషాల తరగతులు రెండుకు మించరాదన్నాయి. బడులు మూతపడిన కాలంలోనే ఆ హద్దు ఉంటే, బడులు నడుస్తున్న కాలంలో ఒకటో తరగతి బిడ్డను ఫోనుకు అంటగట్టడం ఎందుకని తల్లిదండ్రుల సమావేశంలో అడగవచ్చు. ఒకరు అడిగితే పట్టించుకోరు, పదిమంది అడిగితే వింటారు.

కాస్త ఎదిగిన పిల్లల విషయంలో మరో ప్రమాదం ఉంది. ఆటల్లో పరిచయమైన అపరిచితులు ఫోటోలు అడగటం, బెదిరించటం, డబ్బు లాగటం జరుగుతున్నాయి. అలాంటప్పుడు “పరువు పోతుంది” అని దాచరాదు. బిడ్డను కొట్టరాదు. కొడితే రెండోసారి చెప్పడు. ఆ సందేశాలు చెరిపివేయక అలాగే ఉంచి, డబ్బు మోసమైతే సైబర్ నేరాల సహాయ సంఖ్య 1930కి, బిడ్డ భద్రత విషయమైతే 1098కి ఫోను చేయాలి. అలాగే ఆడపిల్లల చేతిలోని ఫోనును లాక్కోవడమే క్రమశిక్షణ అనుకునేవారు కూడా ఆలోచించాలి. అసర్ 2024 నివేదిక ప్రకారం గ్రామీణ భారతంలో ఫోను వాడటం తెలిసిన 14-16 ఏళ్ల అబ్బాయిల్లో దాదాపు 36 శాతానికి సొంత ఫోను ఉండగా, అమ్మాయిల్లో అది దాదాపు 27 శాతమే. ఉపకార వేతనాల దరఖాస్తు నుంచి ప్రవేశ పరీక్ష హాల్ టికెట్ దాకా అన్నీ ఫోనులోనే వస్తున్న రోజుల్లో కూతురికి ఒక న్యాయం, కొడుకుకు ఒక న్యాయం పనికిరాదు. హద్దులు వయసును బట్టి ఉండాలి గానీ, ఆడా మగా అన్నదాన్ని బట్టి కాదు.

చివరగా, అన్నింటికన్నా ముఖ్యమైన మాట. పిల్లవాడి చేతిలోంచి ఫోను తీసుకున్న తర్వాత ఆ చేతికి ఏం ఇస్తాం? ఇరుకు గల్లీలో, ఆటోలూ బైకులూ దూసుకుపోయే చోట, “బయటికి వెళ్లి ఆడుకో” అనడం తేలిక కాదు. ఇక్కడే విషయం ఇంటి గడప దాటి మళ్లీ హక్కుల దగ్గరకు వస్తుంది. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణం ఆటను, విశ్రాంతిని పిల్లల హక్కుగా గుర్తించింది. భారతదేశం 1992లో దానికి అంగీకారం తెలిపింది. 2009 విద్యాహక్కు చట్టం బడికి ఆటస్థలం ఉండాలన్నది. మన బస్తీలోని ఉర్దూ ప్రాథమిక పాఠశాలకు ఆటస్థలం ఉందా? అద్దె గదిలో నడిచే అంగన్‌వాడీలో పిల్లలు కాళ్లు చాపుకొనే చోటైనా ఉందా? వార్డు సభల్లో, గ్రామసభల్లో రోడ్డు, డ్రైనేజీతోపాటు ఈ ప్రశ్న కూడా లిఖితపూర్వకంగా అడగాలి. కార్యాలయాల్లో ఏళ్ల తరబడి దస్త్రాలు చూసిన అనుభవంతో చెబుతున్నాను. నోటితో అడిగినది గాలికి పోతుంది, కాగితం మీద అడిగి రసీదు తీసుకున్నదానికి ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు జవాబు చెప్పక తప్పదు.

ప్రభుత్వం ఇచ్చేదాకా చేతులు ముడుచుకొని కూర్చోనక్కరలేదు. మదరసా ఆవరణ అసర్ నుంచి మగ్రిబ్ వరకు చాలాచోట్ల ఖాళీగానే ఉంటుంది. ఇద్దరు పెద్దవాళ్లు వంతులవారీగా కుర్చీ వేసుకొని కూర్చుంటే అది పిల్లల మైదానం అవుతుంది, ఆడపిల్లలకు కూడా. బీడీలు చుట్టే ఆరుగురు తల్లులు ఒకే వాకిట్లో పనిచేస్తూ, రోజుకు ఒకరు చొప్పున పిల్లలను చూసుకుంటే మిగిలిన అయిదుగురి ఫోన్లకు విశ్రాంతి దొరుకుతుంది. షాదీఖానాలో ఒక అలమరలో ఉర్దూ, తెలుగు బొమ్మల పుస్తకాలు పెట్టించడానికి లక్షలు అవసరం లేదు. గురుకులాల్లో నెలల తరబడి ఫోను లేకుండా చదువుకునే పిల్లలు సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు, వారికి చేతినిండా ఫోను ఇచ్చి ప్రేమ చూపించే బదులు, బస్తీలోని చిన్నపిల్లలకు రోజూ గంటసేపు కథలు చదివి వినిపించే పని అప్పగించవచ్చు.

బిడ్డ మన చేతిలో అమానత్ అని మనం తరచు చెప్పుకుంటాం. అమానత్‌ను భద్రంగా ఉంచడమంటే పెట్టెలో దాచడం కాదు, ఎదగనివ్వడం. ఫోను శత్రువూ కాదు, ఆయా కూడా కాదు. అది పెద్దల పనిముట్టు, దాన్ని ఎప్పుడు తీయాలో ఎప్పుడు దించాలో నిర్ణయించవలసినది పెద్దలే. ఈ రాత్రి భోజనం వేళ ఇంట్లోని ఫోన్లన్నీ ఒక్కసారి అలమర మీదికి చేర్చి చూడండి. మొదట బిడ్డ ఏడుస్తాడు. ఆ తర్వాత మీ ముఖం వైపు చూస్తాడు. అప్పుడు అతనితో మాట్లాడండి.